మూడో తలుపు, మంగళవారం భోజనం

నమోదు 1101, సోమవారం

ఈ రోజు పరిశోధన సంతృప్తికరంగా సాగింది.

పై వాక్యం యంత్రం కోసం రాసింది. మా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులు రోజూ దినచర్య రాయాలనీ, దాన్ని కార్యాలయంలోని యంత్రం చదవాలనీ నియమం. ఆ యంత్రం మొదటి వాక్యం చదివి, "అభినందనలు" అని ముద్ర కొట్టి, మిగతాది వదిలేస్తుందని నేను రెండో నెలలోనే కనిపెట్టాను. మూడేళ్ళలో నేను కనిపెట్టినవాటిలో తోటి విద్యార్థులు నలభై మందికీ పనికొచ్చింది ఇదొక్కటే. కాబట్టి రెండో వాక్యం నుంచీ నా ఇష్టం.

నా పేరు దాలినాయుడు. నా పరిశోధన సందేహం మీద. ప్రోగ్రాములన్నీ తెలిసినా తెలియకపోయినా ఒకే గొంతుతో జవాబు చెబుతాయి. తెలియనప్పుడు "నాకు తెలియదు" అనడం వాటికి నేర్పాలని నా ప్రయత్నం. లెక్క కుదిరింది గానీ, తీసుకునేవాళ్ళే లేరు. "తెలీదు అనడానికి ప్రోగ్రాం ఎందుకు బాబూ, మా ఆయన ఉన్నాడు కదా" అన్నది గురువారం ఇంటావిడ.

గురువారం ఇల్లు అంటే గురువారం నాకు భోజనం పెట్టే ఇల్లు. మా కళాశాల కింది రెండు అంతస్తులూ మా తాతల కాలంలోనే సముద్రం తీసుకుంది. అందులో క్యాంటీను కూడా పోయింది. ఆకాశంలో యంత్రాలూ, సముద్రం అడుగున తీగలూ మూగబోయాక ఏ ఊరి ప్రోగ్రాం ఆ ఊరే రాసుకోవలసి వచ్చింది. మా ఊళ్ళో కొండ మీద కోడు రాసేవాళ్ళ వీధి, కోడువీధి, అలా పుట్టిందే. బస్సుల ప్రోగ్రాం ఒక కార్ఖానా, రొయ్యల చెరువులది ఒకటి, కరకట్ట తలుపులది ఒకటి. వాళ్ళకి అన్నం ఉంది, చదువు చాలదు. మాకు చదువు ఉంది, అన్నం లేదు. అందుకని పాతకాలపు పద్ధతి ఒకటి దుమ్ము దులిపి మళ్ళీ పెట్టారు. ప్రతి విద్యార్థికీ వారాలు. రోజుకో ఇంట్లో మధ్యాహ్న భోజనం, తినేటప్పుడు వాళ్ళ ప్రోగ్రాం కష్టాలు వినడం, సాయంత్రం లోపు ఏదో ఒకటి సరిచేయడం. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. మా ఉద్యోగమే అది. ఈ పద్ధతిలో నాలుగు కార్ఖానాల వీధి ముప్ఫై ఒకటి అయింది.

ఈ రోజు సోమవారం కనుక బస్సుల ఇంట్లో బీరకాయ. మూడేళ్ళుగా ప్రతి సోమవారం బీరకాయే. అయినా తిన్నాను. ఆఖరిసారి అని తెలిస్తే ఇంకొంచెం తినేవాణ్ణేమో.

ఎందుకంటే, సాయంత్రం కొత్త రిజిస్ట్రారు విరూపాక్షరావు గారు మమ్మల్ని సమావేశపరిచారు. ఆయన రాజధాని నుంచి వచ్చి నెలైంది. "పరిశోధకులు ఇంటింటికీ వెళ్ళి అన్నం తినడమా? ఇది విజ్ఞానానికి అవమానం" అన్నారు. వెనక గుడ్డ తీశారు. బీరువా అంత యంత్రం. పేరు అక్షయం. రేపటి నుంచి మా భోజనం అదే వండుతుంది. వేలిముద్ర వేసి తినాలి, మూడు పూటలు తప్పితే ప్రవేశం రద్దు. కోడువీధి వాళ్ళకి కష్టం వస్తే పద్నాలుగు పేజీల సమస్యాపత్రం నింపి పంపాలి.

అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

నమోదు 1102, మంగళవారం

ఈ రోజు పరిశోధన సంతృప్తికరంగా సాగింది.

అక్షయం వంట చతురస్రాకారంలో ఉంటుంది. పప్పు ఒక చదరం, కూర ఒక చదరం, చారు కూడా చదరమే. నమిలితే చారని తెలుస్తుంది, అదీ ముందుగా చెబితేనే. తినడం నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

మంగళవారం నాకు అప్పాయమ్మ గారి ఇల్లు. కరకట్ట మీది అయిదు తలుపుల ప్రోగ్రాం ఆవిడ కార్ఖానాదే. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు తలుపులు మూయాలి, ఆటు వచ్చి నీరు తగ్గినప్పుడు తెరిచి చేలలో మురుగు వదలాలి. లోపల ఏడు ఊళ్ళ వరి ఉంది. ఆవిడకి అరవై దాటాయి. ప్రోగ్రాం కళ్ళతో చదవదు. పక్కన ఒకరిని కూర్చోబెట్టి చదివించుకుని వింటుంది, తప్పున్న చోట "ఆగు" అంటుంది. అక్కడ తప్పుంటుంది. మంగళవారం నా పక్క విస్తరి దగ్గర తలుపుల కాపలాదారు కూర్మారావు కూర్చుంటాడు. అప్పాయమ్మ గారు వడ్డిస్తూ మా ఇద్దరినీ తిడుతుంది, ఒకణ్ణి లెక్కల గురించి, ఒకణ్ణి గ్రీజు గురించి.

ఈ రోజు నేను రానని కబురు పంపడం మరిచిపోయాను. రెండింటి దాకా విస్తరి వేసి ఉంచిందని సాయంత్రం తెలిసింది. చాలా బాధ వేసింది. రేపు వెళ్ళి చెబుదామనుకున్నాను.

నమోదు 1106, శనివారం

ఈ రోజు పరిశోధన సంతృప్తికరంగా సాగింది.

అప్పాయమ్మ గారి దగ్గరికి వెళ్ళలేదు. మొహం చెల్లలేదు.

సమస్యాపత్రాలు వచ్చాయి. ముప్ఫై ఒకటికి ముప్ఫై ఒకటీ వచ్చాయి. రిజిస్ట్రారు గారి ఆనందం పట్టలేకపోయాం. పన్నెండో గడిలో "మీ సంస్థ ఎదుర్కొంటున్న సమస్యలు" అని ఉంటుంది. అందులో బస్సుల వాళ్ళు "మీ దయవల్ల అంతా క్షేమం" అని రాశారు. రొయ్యల వాళ్ళు "ఇక్కడ మేమంతా కులాసా, అక్కడ మీరూ కులాసా అని తలుస్తాము" అని రాశారు. అప్పాయమ్మ గారి పత్రంలో "క్షేమం. ఆరోగ్యం జాగ్రత్త" అని ఉంది.

విరూపాక్షరావు గారు మూడుసార్లు చదువుకున్నారు. "చూశారా! కోడువీధిలో ఒక్క సమస్య కూడా మిగల్లేదు. ఇన్నాళ్ళూ మీరు అక్కడికి వెళ్ళింది దేనికో అర్థమైంది, తిండికి" అన్నారు. ఆ మాట మీద నివేదిక రాసి రాజధానికి పంపారు.

మా ఆచార్యులు హైమావతి గారు కూడా అక్కడే ఉంది. ఆవిడా ఒకప్పుడు కోడువీధిలో వారాలు చేసిన మనిషే. కళ్ళజోడు తుడుచుకుని, "మన వాళ్ళు ఇల్లు కాలిపోతున్నా ఉత్తరంలో క్షేమమనే రాస్తారు నాయుడూ" అంది.

నమోదు 1112, శుక్రవారం

ఈ రోజు పరిశోధన సంతృప్తికరంగా సాగింది.

నిజం చెప్పాలంటే బ్రహ్మాండంగా సాగింది. తినడానికి నాలుగు నిమిషాలే కాబట్టి మిగిలిన టైమంతా రాయడమే. పది రోజుల్లో మా ప్రయోగశాల నుంచి పదకొండు పత్రాలు. ఒక మిత్రుడు ఎవరికీ లేని సమస్యకి మూడు పరిష్కారాలు కనిపెట్టి, ఏది మేలో తేల్చడానికి నాలుగో పత్రం రాస్తున్నాడు.

బయట మాత్రం కొంచెం తేడాగా ఉంది. బుధవారం కొండ మీది బస్సులు ఆరూ ఒకేసారి ఒకే స్టాపుకి వచ్చి నిలబడ్డాయి. జనం ఏ బస్సు ఎక్కాలో తెలియక ఆరింటికీ దండం పెట్టి ఇంటికి నడిచి పోయారు. బస్సుల ఇంటాయన దారిలో కనిపిస్తే ఏమైందని అడిగాను. "ఏటీ అవలేదు బాబూ, అంతా బాగున్నాది" అని తల తిప్పుకున్నాడు. మూడేళ్ళు బీరకాయ తిన్న మనిషిని, నాతో ఆ మాటా!

నమోదు 1116, మంగళవారం

ఈ రోజు పరిశోధన సంతృప్తికరంగా సాగింది.

పొద్దున్న ఎనిమిదింటికి కిటికీకి ప్యాంటు ఆరేస్తుంటే కరకట్ట కనిపించింది. పోటు బాగా ఉంది. మూడో తలుపు బెత్తెడు తెరుచుకుని ఉంది. ఉప్పునీరు చేలలోకి పోతోంది. కూర్మారావు పరిగెత్తుకొచ్చి చక్రం తిప్పి చేత్తో మూసేశాడు.

నేను పడవ పిలిచి కోడువీధికి వెళ్ళాను. అప్పాయమ్మ గారు తలకి శాలువా చుట్టుకుని అరుగు మీద కూర్చుంది. రెండు రోజులుగా జ్వరమట.

"మూడో తలుపు తెరుచుకుందండీ" అన్నాను.

"తెరుసుకోదేటి, తలుపన్నాక?"

"పోటులో తెరుచుకుంది."

"గాలికి." ఇనప తలుపు, ఏడు బారలది. "అంతా బాగున్నాది బాబూ. నువ్వెల్లి నీ పని సూసుకో. మీకు బీరువా అన్నం పెడతన్నాదంట కదా. మా ఇంటి తిండి ఇంక మీకు పడదులే."

లోపల పన్నెండు మంది పనివాళ్ళూ ప్రోగ్రాం మొదటి వరుస నుంచీ గట్టిగా చదువుతున్నారు. పొద్దుట్నించీ మూడోసారట. ఏ తప్పూ లేని ఇంట్లో అలా చదవరు. తిరిగి వచ్చి నా చదరాలు నేను తిన్నాను.

నమోదు 1123, మంగళవారం

ఈ రోజు పరిశోధన సంతృప్తికరంగా సాగింది.

ఈ పొద్దున్న మళ్ళీ తెరుచుకుంది. ఈసారి జానెడు. ఇక ఆగలేక హైమావతి గారిని సలహా అడిగాను. "అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఆవిడ పెట్టనిదే చెప్పదు. వెళ్ళి అన్నం పెట్టమని అడుగు" అంది.

కానీ వేలిముద్ర ఉందిగా. మొన్న జ్వరమొచ్చి రెండు పూటలు తప్పాయి. ఈ పూట కూడా తప్పితే నా మూడేళ్ళూ గంగలో కలుస్తాయి. అందుకని పదకొండింటికి అక్షయం దగ్గర ఆరు చదరాలు తిని, పన్నెండున్నరకి అప్పాయమ్మ గారి గుమ్మంలో నిలబడి, "ఆకలేస్తోందండీ" అన్నాను. నా జీవితంలో అంత అబద్ధం ఎప్పుడూ ఆడలేదు.

ఆవిడ నన్ను కిందికీ మీదికీ చూసింది. విస్తరి వేసింది. ఆనపకాయ బెల్లం పులుసు, పనసపొట్టు కూర, నెత్తళ్ళ వేపుడు. మొదటి వడ్డన తిన్నాను. రెండోది ప్రాణం మీదికి తెచ్చుకుని తిన్నాను. మూడోసారి ఆవిడ గరిటె ఎత్తేసరికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మీద ప్రేమతో ఏడుస్తున్నాననుకుంది పాపం. గరిటె పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఏటి సెప్పమంటావు బాబూ. మూడో తలుపు నా మాట ఇనడం మానేసినాది. మూడు మంగళారాలైనాది. మిగతా ఆరు రోజులూ బంగారంలా ఉంటాది. మంగళారం పొద్దున్న ఎర్రెత్తినట్టు తెరుసుకుంటాది, మజ్జానానికి బాగైపోతాది. నాలుగుసార్లు సదివించినాను. తప్పు దొరకలేదు."

"పత్రంలో రాయొచ్చు కదండీ?"

"కాయితం మీద ఇంటి బాధ రాసుకుంటారేటి? అది ఎవులు సదువుతారో ఏటో. రేపు మా కోడలి పుట్టింటోళ్ళు సదివితే?"

తర్వాత పెట్టె తెరిచి ఒక ఉత్తరం తెచ్చి ఇచ్చింది. కరకట్టల మండలి నుంచి. మరో రెండు వారాలకి, పౌర్ణమి పోటు రోజున, తలుపుల పరీక్ష. తప్పితే కార్ఖానాకి ఇచ్చిన అనుమతి ముద్ర తీసేసుకుంటారు. తలుపులకి రాజధాని నుంచి డబ్బాలో వచ్చే ప్రోగ్రాం పెడతారు. అది రాసినవాళ్ళు సముద్రం చూశారో లేదో దేవుడికే తెలియాలి. ముద్ర పోతే ఈ పన్నెండు మందికీ పని ఉండదు.

"పౌర్ణమి ఏ వారం వచ్చింది?" అన్నాను.

"ఏ వారం రావాల బాబూ? మంగళారమే."

పడవలో తిరిగి వస్తూ పడుకునే ఉన్నాను, కూర్చోవడానికి పొట్ట ఒప్పుకోలేదు.

నమోదు 1128, ఆదివారం

ఈ రోజు పరిశోధన సంతృప్తికరంగా సాగింది.

తలుపు దగ్గర నీటిమట్టం కొలిచేది ఒక బెండు. గొట్టంలో నీటి మీద తేలుతుంది, దాని మీద నిలువుగా ఇనప కడ్డీ, కడ్డీ చివర బెండుని పైకి తీయడానికి కొక్కెం. నీరు లేస్తే కడ్డీ లేస్తుంది, ప్రోగ్రాం ఆ ఎత్తు చూసి నీరెంతుందో తెలుసుకుంటుంది. అయిదు తలుపులకీ అయిదు బెండ్లు.

మూడు వారాల కొలతలు ముందేసుకుని కూర్చున్నాను. మూడో బెండు ప్రతి మంగళవారం ఉదయం ఏడింటికి హఠాత్తుగా కిందికి దిగుతోంది, పన్నెండింటికి లేస్తోంది. అంటే సముద్రం అక్కడొక్కచోటే, వారానికొక్కసారే, అయిదు గంటలు తగ్గుతోందన్నమాట. మొదటి మంగళవారం జానెడు, రెండోది బెత్తెడు, మూడోది మళ్ళీ జానెడు.

కోడువీధిలో ఈసరికి అందరికీ తెలిసిపోయింది. ఇంటికో సిద్ధాంతం. కుజదోషమని రొయ్యల వాళ్ళు. మంగళవారం తలుపు తీయడం మంచిది కాదు గనక అసలు తలుపే ఉండకూడదని బస్సుల వాళ్ళు. నా మిత్రుడు సముద్రంలో ఏడు రోజుల కెరటం ఒకటి ఉందని అయిదో పత్రం మొదలుపెట్టాడు.

నమోదు 1130, మంగళవారం

ఈ రోజు పరిశోధన సంతృప్తికరంగా సాగింది. ఈసారి నిజంగానే.

తెల్లవారుతూనే మూడో తలుపు దగ్గర కూర్చున్నాను. కూర్మారావు బీడీ ముట్టించుకుని నాకు ఆయన మోకాళ్ళ నొప్పి గురించి చెబుతున్నాడు. ఏడింటికి కోడువీధి పడవ వచ్చింది. పడవవాడు నాలుగు గిన్నెల ఇత్తడి క్యారియరు అందించాడు. కూర్మారావు దాన్ని రెండు చేతులా మర్యాదగా అందుకుని, నాలుగడుగులు వేసి, బెండు కడ్డీ కొక్కేనికి తగిలించాడు. కడ్డీ జానెడు కిందికి దిగింది.

కిర్రుమని మూడో తలుపు తెరుచుకుంది.

"ఇదిగో, మళ్ళీ!" అని కూర్మారావు చక్రం వైపు పరిగెత్తాడు. ఆయన చక్రం తిప్పుతుంటే నేను కొక్కెం దగ్గర నిలబడి నవ్వాను. ఎంత నవ్వానంటే సముద్రంలో పడబోయాను.

"కూర్మారావు గారూ, క్యారియరు అక్కడెందుకు తగిలించారు?"

"సీమలు బాబూ. గదిలో పెడితే సీమలు, గట్టు మీద పెడితే కుక్కలు. ఇక్కడైతే నీళ్ళు తప్పితే ఏదీ రాదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు రావడం మానేసినకాడ నుంచే. మంగళారం నువ్వు లేకపోతే ఇంటికాడ ఇస్తర్లెందుకని అమ్మ నాకు క్యారియరు పంపుతన్నాది. మిగతా రోజులు మా ఆడది కట్టిన సద్ది జేబులో పడతాది."

రెండో మంగళవారం బెత్తెడే ఎందుకు దిగిందో అప్పుడు తెలిసింది. ఆ రోజు అప్పాయమ్మ గారికి జ్వరం. పెరుగన్నం ఒక్కటే పంపింది.

కూర్మారావు చాలాసేపు క్యారియరు వైపూ సముద్రం వైపూ మార్చి మార్చి చూశాడు. "పులుసుకీ పోటుకీ సంబంధం ఏటి బాబూ" అంటూ మెట్ల మీద కూర్చుండిపోయాడు.

నమోదు 1131, బుధవారం

ఈ రోజు పరిశోధన సంతృప్తికరంగా సాగింది.

అప్పాయమ్మ గారు విని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "అంటే నా సేతి వంటే నా ముద్రకి ఎసరు పెట్టినాదన్నమాట" అంది. ఆ గొంతు వింటే నాకు నవ్వు రాలేదు.

క్యారియరు తీసేస్తే సరిపోతుందని మేమిద్దరం అనుకున్నాం. హైమావతి గారు ఒప్పుకోలేదు. "ఈ రోజు క్యారియరు. రేపు ఇంకేదో. మీ ప్రోగ్రాం కడ్డీ ఏం చెబితే అది నమ్ముతుంది. నాయుడూ, నీ సందేహం దీనికి పెట్టు. మూడేళ్ళుగా అటక మీద ఉంది కదా" అంది.

ఆరు రోజులుంది. విస్తళ్ళు ఎత్తేసిన చోటే కూర్చున్నాం. నా లెక్క ప్రకారం బెండు తన పాత అలవాటుకి భిన్నంగా మాట్లాడితే ప్రోగ్రాం అనుమానించాలి. చదివించి వినిపించాను. ఆవిడ "ఆగు" అంది.

"తుపానొస్తే అన్ని బెండ్లూ అలవాటు తప్పుతాయి. అప్పుడు అయిదూ అనుమానపడి కూకుంటే తలుపులు మూసేదెవులు? అలా కాదు. నాకు మాటొకటి అనుమానం వస్తే ఏటి సేస్తాను? పక్కింటోళ్ళని అడుగుతాను. మూడోది ఆటంటే రెండూ నాలుగూ ఏటంటన్నాయో సూడమను. ఆళ్ళూ అదే అంటే నిజం. ఇదొక్కటే అంటే ఏదో ఉన్నాది."

మూడేళ్ళలో నాకు తట్టలేదు. నా సిద్ధాంతంలో రెండో అధ్యాయం మొత్తం కొట్టేసి మళ్ళీ రాయాలి. సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. ఒకే పూటలో రెండు భోజనాలు చేసే అలవాటు కూడా అయిపోయింది.

నమోదు 1136, సోమవారం

ఈ రోజు పరిశోధన సంతృప్తికరంగా సాగింది.

లెక్క కుదిరింది. అనుమానం వస్తే తలుపు మూసే ఉంచి, కరకట్ట మీది మైకు బూరాలో మనిషిని పిలవాలి. ఏ మాటలతో పిలవాలన్న దాని మీద నిన్నంతా గొడవ. నేను "దోషం, మూడో కొలమానం" అని పెట్టాను. "నా తలుపు దోషం అనదు. మనిషిలా సెప్పాల" అని ఆవిడే బూరా ముందు కూర్చుని తన గొంతు ఇచ్చింది.

రేపటి పరీక్షకి ముఖ్య అతిథి విరూపాక్షరావు గారు. సమస్యలే లేని వీధిని మండలికి చూపించాలని ఆయన ఉబలాటం. కూర్మారావు మూడో తలుపు కొక్కేన్ని చింతపండుతో తోమి తళతళలాడించాడు. తన పాపం అలా కడుక్కుంటున్నాడట. నేను లెక్క మరోసారి మొదటి నుంచీ చూసుకుంటున్నాను.

నమోదు 1137, మంగళవారం

ఈ రోజు పరిశోధన సంతృప్తికరంగా సాగింది.

తొమ్మిదింటికి పోటు నిండుగా వచ్చింది. కోడువీధి మొత్తం గట్టు మీదే ఉంది. అప్పాయమ్మ గారు పట్టుచీర కట్టుకుని, పన్నెండు మందినీ వెనక నిలబెట్టుకుని ముందు నిలబడింది. చేతిలో ముద్ర ఉంది. తీసుకుంటే తన చేత్తోనే ఇచ్చేద్దామని తెచ్చుకుందట. మండలి అధికారిణి పుస్తకం తెరిచి మొదటి తలుపు చూసింది, టిక్కు పెట్టింది. రెండోది, టిక్కు. నేను కూర్మారావు చేతుల్నే చూస్తున్నాను. ఈ రోజు క్యారియరు లేదు. కడుపు మాడ్చుకుని వచ్చాడు.

మూడో తలుపు దగ్గరికి వచ్చేసరికి విరూపాక్షరావు గారు చెయ్యెత్తారు. "ఆగండి. శుభకార్యం. దిష్టి తీయకుండా ఎలా?" అన్నారు. వెనక నుంచి ఆయన బంట్రోతు బంతిపూల దండా, తాడు కట్టిన బూడిద గుమ్మడికాయా తెచ్చాడు. గుమ్మడికాయ తక్కువలో తక్కువ ఎనిమిది కిలోలు. ఆయన చుట్టూ చూశారు. అంత పొడవు కరకట్ట మీద తళతళ మెరిసే కొక్కెం ఒక్కటే కనిపించింది.

"అయ్యా వద్దు" అని కూర్మారావు అరిచేలోపే తగిలించేశారు. కడ్డీ రెండు జానలు దిగింది. నేను కళ్ళు మూసుకున్నాను.

కిర్రుమనలేదు. కళ్ళు తెరిచాను. తలుపు మూసే ఉంది. అప్పుడు బూరాలోంచి అప్పాయమ్మ గారి గొంతు కరకట్టంతా వినిపించింది.

"మూడో తలుపు కాడ నాకు అనుమానంగా ఉన్నాది. అటూ ఇటూ తలుపులు పోటంటన్నాయి, ఇదొక్కటే ఆటంటన్నాది. నాకు తెలీట్లేదు. ఎవులైనా వొచ్చి సూడండి బాబూ."

ఎవరూ కదల్లేదు. బూరా మళ్ళీ అంది, ఈసారి కొంచెం విసుగ్గా. "ఎవులైనా వొచ్చి సూడండి బాబూ!"

అధికారిణి పెన్ను ఆపింది. కొక్కేన్ని చూసింది, గుమ్మడికాయని చూసింది. "ఇది ఎవరు తగిలించారు?" అంది. గట్టు మీద మూడు వందల మంది తలలు ఒకేసారి విరూపాక్షరావు గారి వైపు తిరిగాయి. ఆయన ముందుకు వంగి, గుమ్మడికాయని రెండు చేతులా ఎత్తి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గుండెకి హత్తుకుని నిలబడ్డారు.

"ఇప్పుడు బాగున్నాది" అంది బూరా.

అధికారిణి టిక్కు పెట్టలేదు. పుస్తకం మూసి అప్పాయమ్మ గారి దగ్గరికి వచ్చింది. "పంతొమ్మిదేళ్ళుగా ప్రోగ్రాములు పరీక్షిస్తున్నానమ్మా. తనకు తెలియదని ఒప్పుకున్నది ఇదే మొదటిది. రాజధాని డబ్బా ప్రోగ్రాం అయితే ఈపాటికి ఊళ్ళోకి సముద్రాన్ని పిలిచి, అంతా సవ్యం అనేది. తీరం పొడవునా అరవై నాలుగు తలుపులున్నాయి. అన్నిటికీ ఇది పెట్టగలరా?"

అప్పాయమ్మ గారు ముద్రని చీర చెంగున ముడి వేసుకుంది. "మా ఒక్క ఇంటి వల్ల కాదమ్మా. మా ఈదోళ్ళందరం కలిసి సేస్తాం" అంది. తర్వాత నా వైపు తిరిగి, "తిన్నావా?" అని అడిగి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఈసారి నిజంగా ఆకలి వేసింది కూడా.

నమోదు 1144, మంగళవారం

ఈ రోజు పరిశోధన ఏమీ సాగలేదు.

పొద్దున్నే ఈ వాక్యం రాసి యంత్రానికి పంపాను. వెయ్యిన్నూట నలభై మూడు రోజులు నేనూ పన్నెండో గడిలో "అంతా క్షేమం" అని రాస్తూ వచ్చానని వారం క్రితం తట్టింది. ముద్ర కొట్టే చప్పుడు రాలేదు. తర్వాత పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అది నన్నొక ప్రశ్న అడిగింది. "ఎందుకు?"

జవాబు పెద్దది. భోజనానికి వెళ్ళి వచ్చాక రాస్తానన్నాను.

మండలి పని కోసం రిజిస్ట్రారు గారు ఒప్పుకోక తప్పలేదు, వారాలు మళ్ళీ మొదలయ్యాయి. అరవై నాలుగు తలుపుల పని ఎనిమిది ఇళ్ళు పంచుకున్నాయి. ఆ పని కోసం వీధి చివర కొత్తగా రెండు కార్ఖానాలు లేస్తున్నాయి. రాజధానికి పోయిన మనుషులే తిరిగొచ్చి పెడుతున్నారు. బస్సుల వాళ్ళు కూడా సందేహం తీసుకున్నారు. ఇప్పుడు స్టాపులో "ఈ బస్సు వస్తుందో రాదో నాకు తెలియదు" అని ప్రకటన వినిపిస్తోంది. నిజం చెప్పే టైంటేబులు ఇన్నాళ్ళకి వచ్చిందని జనం సంబరపడుతున్నారు. నిన్న నాకు బీరకాయే పెట్టారు.

హైమావతి గారు ఒక్క షరతు పెట్టింది. కార్యాలయం వాళ్ళు కూడా వారాలు చేయాలి. రిజిస్ట్రారు గారికి మంగళవారం పడింది.

ఆయన వచ్చేసరికి అప్పాయమ్మ గారు మూడు విస్తళ్ళు వేసి ఉంచింది. నాకొకటి, కూర్మారావుకొకటి, మధ్యలో ఆయనకి. విరూపాక్షరావు గారు చొక్కా చేతులు మడిచి, చెక్కుచెదరని ముఖంతో కూర్చున్నారు. ఆవిడ పప్పు వడ్డించి, నెయ్యి వేసి, "ఏటి బాబూ, మీకేటైనా ఇబ్బందుందా?" అని అడిగింది.

"ఏమీ లేదమ్మా. అంతా క్షేమం" అన్నారాయన.

ఆవిడ పులుసు పోసింది. రెండోసారి కూర వేసింది. ఆయన తల వంచుకుని తింటున్నారు. మూడోసారి అన్నం పెట్టి, నేతి గిన్నె పట్టుకుని, వంపకుండా అలాగే నిలబడింది. కూర్మారావు నమలడం ఆపాడు. నేనూ ఆపాను.

విరూపాక్షరావు గారు తలెత్తకుండానే అన్నారు. "నేను ఇక్కడ ఒక్కణ్ణే ఉంటానమ్మా. మూడు పూటలా ఆ బీరువా వంటే. చారు కూడా కొరుక్కు తినాల్సి వస్తోంది. ఎవరికి చెప్పుకోవాలో నాకు తెలియలేదు."

"మరి ముందే సెప్పొచ్చు కదా నాయినా" అని అప్పాయమ్మ గారు నెయ్యి వంచింది.